ఫ్రెంచి చదవడంలో నా స్థాయి ఏదో తేల్చుకునేదెట్లా?

రాజ్‌విహార్ (కర్నూలు):

అందరికీ నమస్కారం. నేను కర్నూలులో ఒక ఆడిటరు గారి కార్యాలయంలో పని చేస్తూ, సాయంత్రం వేళల్లో సొంతంగా ఫ్రెంచి నేర్చుకుంటున్నాను. ఒక పాఠ్యపుస్తకం, ఫోనులో ఒక యాప్, అంతర్జాలంలో దొరికే అభ్యాసాలు, ఇవే నాకు ఆధారం. ఇప్పుడు ఒక ప్రశ్న దగ్గర నిలిచిపోయాను. యాప్ నా స్థాయి ఎ2 అని చూపిస్తోంది. అంతర్జాలంలో రాసిన ఒక ఉచిత పరీక్ష ఎ1 అని తేల్చింది. నా దగ్గరున్న పుస్తకంలోని పాఠాలు మాత్రం చివరిదాకా సాఫీగానే సాగుతున్నాయి. హైదరాబాదులో ఫ్రెంచి నేర్పే సంస్థ అలియాన్స్ ఫ్రాన్సేజ్‌లో, ఫ్రెంచి స్థాయికి పట్టా ఇచ్చే డెల్ఫ్ పరీక్ష రాయాలన్నది నా కోరిక. ఎ1కు కట్టాలా, ఎ2కు కట్టాలా అన్నది తేలనందువల్ల ఇంకా రుసుము కట్టలేదు. వినడం, మాట్లాడటం సంగతి ఆ తర్వాత అడుగుతాను. చదివి అర్థం చేసుకోవడంలో నేను ఎక్కడ ఉన్నానో నమ్మకంగా తెలుసుకునే పద్ధతి ఏమిటో, దానికి తగిన పుస్తకాన్ని ఎలా ఎంచుకోవాలో తెలిసినవారు దయచేసి వివరించగలరు.

సప్తగిరి సర్కిల్ (అనంతపురం):

రాజ్‌విహార్ గారూ, నేను అనంతపురంలో చాలాకాలంగా డిగ్రీ విద్యార్థులకు ఫ్రెంచి బోధిస్తున్నాను. ఈ ప్రశ్న ప్రతి తరగతిలోనూ వస్తుంది కనుక కొంచెం విపులంగానే రాస్తాను.

ఎ1, ఎ2 అన్న పేర్లు ఐరోపా మండలి 2001లో వెలువరించిన ఉమ్మడి ప్రమాణాల నుంచి వచ్చాయి. ఎ1తో మొదలై సి2 దాకా ఆరు స్థాయిలు ఉంటాయి. ఈ స్థాయిని మనిషికి మొత్తంగా కట్టరు. చదవడానికి ఒకటి, వినడానికి ఒకటి, రాయడానికి ఒకటి, మాట్లాడటానికి ఒకటి విడివిడిగా చూస్తారు. ఒకే విద్యార్థి చదవడంలో ఎ2లో, వినడంలో ఎ1లో ఉండటం మన ప్రాంతంలో సర్వసాధారణం, ఎందుకంటే ఇక్కడ ఫ్రెంచి కంటికి దొరికినంతగా చెవికి దొరకదు. కాబట్టి మీరు చదవడాన్ని వేరుచేసి అడగడం సరైన పనే.

చదవడానికి సంబంధించి ఆ ప్రమాణాలు చెప్పేది ఇది. తెలిసిన పేర్లు, మాటలు, చాలా చిన్న వాక్యాలు గుర్తుపట్టగలిగితే, అంటే ఒక ప్రకటన పలకనో, గోడపత్రికనో, వస్తువుల జాబితానో చూసి విషయం గ్రహించగలిగితే అది ఎ1. చిన్న చిన్న పాఠాలు చదివి, వ్యాపార ప్రకటనలు, భోజనశాల పట్టికలు, రైళ్ల వేళలు వంటి వాటిలో తనకు కావలసిన సమాచారాన్ని వెతికి పట్టుకోగలిగితే, చిన్న సొంత ఉత్తరాలు అర్థమైతే అది ఎ2. సంఘటనల వర్ణన, రాసినవారి భావాలు, కోరికలు ఉత్తరంలో చదివి తెలుసుకోగలిగితే బి1. గమనించండి, ఇందులో ఎక్కడా ఇన్ని మాటలు వచ్చి ఉండాలనీ ఇన్ని పాఠాలు ముగించి ఉండాలనీ లేదు. ఏమి చేయగలరన్నదే ప్రశ్న. యాప్ చూపించే స్థాయి మీరు ఎన్ని పాఠాలు పూర్తిచేశారో చెబుతుంది. పాఠ్యపుస్తకం సాఫీగా సాగడానికి కారణం, ఆ పాఠంలోని మాటలు ముందు పేజీలోనే మీకు నేర్పి ఉండటం. ఈ రెంటిలో ఏదీ మీరు ఇంతకుముందు చూడని పాఠాన్ని ముందు పెట్టదు.

అందువల్ల నా సలహా ఇది. డెల్ఫ్ పరీక్షను నిర్వహించే ఫ్రాన్స్ ఎదుకాసియోఁ ఇంతర్నాసియొనాల్ సంస్థ తన వెబ్‌సైటులో ఒక్కొక్క స్థాయికి నమూనా ప్రశ్నపత్రాలు ఉచితంగా ఉంచింది. ఎ1, ఎ2 రెండింటి చదువు భాగాలు తీసుకోండి. ఒక్కొక్కదానికి అరగంట సమయం. గడియారం పెట్టుకుని, నిఘంటువు, ఫోను దూరంగా పెట్టి రాయండి. జవాబులు సరిచూసుకునే ముందు మరొక పని చేయాలి: ఒక్కొక్క పాఠంలో ఏముందో రెండు మూడు వాక్యాల్లో తెలుగులో రాసి పెట్టుకోండి. ఇప్పటి ప్రశ్నపత్రాల్లో చదువు భాగమంతా జవాబు ఎంచుకునే ప్రశ్నలే కావడంతో కొన్ని ఊహతో కూడా తగిలిపోతాయి. తెలుగులో మీరు రాసుకున్న వాక్యాల్లో ఆ ఊహకు తావుండదు.

పెన్నేటిగట్టు (కడప):

సప్తగిరి గారూ, నమస్కారం. మా అమ్మాయి సి.బి.ఎస్.ఇ. బడిలో తొమ్మిదో తరగతి చదువుతూ ఫ్రెంచి తీసుకుంది. పుస్తకం తీసి ఇస్తే గడగడా చదువుతుంది, ఉచ్చారణ బాగుందని టీచరు కూడా మెచ్చుకున్నారు, మార్కులు కూడా మంచివే వస్తున్నాయి. దీన్ని బట్టి చదవడంలో ఎ2 అనుకోవచ్చా? ఇంట్లో మాకెవరికీ ఫ్రెంచి రాదు కనుక ఆమె స్థాయిని మేము పరీక్షించే దారి ఏదైనా ఉందా?

సప్తగిరి సర్కిల్ (అనంతపురం):

పెన్నేటిగట్టు గారూ, గడగడా చదవగలగడం నిజంగా మంచి విషయమే. ఫ్రెంచిలో రాత ఒకటి, పలుకు ఒకటి. మాట చివర రాసే అక్షరాలు చాలావరకు పలకరు. తెలుగు చదివే అలవాటున్న పిల్లకు అది లొంగిందంటే శ్రమపడిందని అర్థం. అయితే అది నోటి నైపుణ్యం. అర్థగ్రహణాన్ని కొలిచే చదువు నిశ్శబ్దంగా సాగుతుంది. అతను మాట్లాడతాడు, వాళ్లు మాట్లాడతారు అన్న రెండు వాక్యాలు ఫ్రెంచిలో చెవికి ఒకేలా వినిపిస్తాయి. తేడా అంతా క్రియ చివర పలకని అక్షరాల్లో ఉంటుంది, కంటికి మాత్రమే తెలుస్తుంది. పైకి చదివేటప్పుడు ఆ అక్షరాలను దాటిపోవడమే సరైన ఉచ్చారణ కనుక, అర్థం కూడా దాటిపోయే ప్రమాదం ఉంది.

మీకు ఫ్రెంచి రాకపోయినా పరీక్షించవచ్చు. ఆమె పుస్తకంలో లేని ఒక చిన్న పాఠం, పైన చెప్పిన నమూనా పత్రం నుంచే, ఇవ్వండి. మౌనంగా చదివాక కాగితం పక్కన పెట్టించి, ఎవరు ఎవరికి రాశారు, ఎందుకు రాశారు, ఎప్పుడు ఎక్కడికి రమ్మన్నారు, జరిగిపోయిన సంగతి ఏది, జరగబోయేది ఏది అని తెలుగులో అడగండి. ఆమె చెప్పినదాన్ని జవాబుల పట్టికతో సరిచూడటానికి మీకు భాష రానవసరం లేదు. బడి మార్కులను మాత్రం దీనికి కొలబద్దగా తీసుకోకండి. చెప్పిన పాఠంలోంచే ప్రశ్న వచ్చినప్పుడు జ్ఞాపకశక్తికి కూడా మార్కులు పడతాయి.

ధర్మవరం నుంచి (ప్రస్తుతం బెంగళూరు):

నేను బెంగళూరులో ఫ్రాన్స్ కంపెనీల బిల్లులు చూసే విభాగంలో పనిచేస్తున్నాను. రాజ్‌విహార్ గారు కూడా లెక్కల మనిషే కాబట్టి ఒక హెచ్చరిక చేయాలనిపించింది.

మా విభాగంలో కొత్తగా చేరినవారు కొద్ది వారాల్లోనే ఫ్రెంచి ఫాక్త్యూర్, అంటే బిల్లు, చదివేస్తారు. అష్ తే అని రాస్తే పన్ను కలపని మొత్తం, తే తే సే అని రాస్తే పన్ను కలిపిన మొత్తం. సాధారణ వస్తువులకు అక్కడి వ్యాట్ 20 శాతం. ఎషేయాఁస్ అన్నది చెల్లించవలసిన గడువు తేదీ. ఏ గడిలో ఏముంటుందో ముందే తెలుసు కనుక కన్ను సరిగ్గా అక్కడికే పోతుంది. కానీ అదే కంపెనీ నుంచి ఆ బిల్లు గురించి నాలుగు వాక్యాల ఈమెయిలు వస్తే చాలామంది నిలిచిపోతారు. ఫారం చదవడం ఉద్యోగానికి ఉపయోగమే గాని, దాన్ని స్థాయిగా లెక్కించకూడదు.

రెండోది ఇంతకంటే పెద్ద విషయం. మనమంతా ఇంగ్లీషు మీదుగా ఫ్రెంచిలోకి వస్తాం. 1066లో నార్మన్లు ఇంగ్లండును జయించిన తర్వాత కొన్ని శతాబ్దాలపాటు ఫ్రెంచి మాటలు కుప్పలు తెప్పలుగా ఇంగ్లీషులో చేరాయి. ఆ కారణంగా ఫ్రెంచి పేజీ తెరవగానే సగం తెలిసినట్లే కనిపిస్తుంది. ఇది నిజమైన సహాయమే, కాదనను. అయితే మొదటి దశలో స్థాయిని ఉన్నదానికంటే ఎక్కువగా చూపించేది కూడా ఇదే. చూడగానే లైబ్రరీ అనిపించే లిబ్రెరీ పుస్తకాల అంగడి. లొకేషన్ అనిపించే లొకాసియోఁ అద్దె. యాక్చువల్లీ అనిపించే అక్త్యుయెల్‌మాఁకు ప్రస్తుతం అని అర్థం. ఇళ్ల ప్రకటన చదివే విద్యార్థి లొకాసియోఁ అన్నచోట స్థలం గురించి చెబుతున్నారనుకుని ముందుకు వెళ్లిపోతే, ఆ ఇల్లు అమ్మకానికి ఉందో అద్దెకు ఉందో తెలియకుండానే ప్రకటన ముగుస్తుంది.

ఈ మాటలైనా జాబితా రాసుకుని నేర్చుకోవచ్చు. అసలు చిక్కు వాక్యాన్ని తిప్పేసే చిన్న మాటల్లో ఉంది. ఒక అంగడి తలుపు మీద "నూ నూవ్రోఁ క్ లె మతాఁ" అని రాసి ఉందనుకోండి. ఆరంభంలో ఉన్నవారికి మనం, తెరవడం, ఉదయం అన్న మూడు మాటలూ తెలుసు. మధ్యలో వ్యతిరేకాన్ని సూచించే అక్షరం కూడా కనబడుతుంది. ఉదయం తెరవము అని చదువుకుని సాయంత్రం వెళతారు. ఆ వ్యతిరేకం తర్వాత క్ వస్తే మాత్రమే అని అర్థం కనుక, అసలు అర్థం ఉదయం మాత్రమే తెరుస్తాము అని. మాటలన్నీ తెలిసినా అర్థం తలకిందులైంది. నా దృష్టిలో ఎ1 నుంచి ఎ2కు దాటారా లేదా అన్నది ఇలాంటి వాక్యాలే తేలుస్తాయి.

దేవుని కడప (కడప):

చర్చ ఎంతో ఉపయోగకరంగా ఉంది. ఫ్రాన్సులో ఎం.ఎస్. చేయాలన్న ఆలోచనతో నేను కూడా ఫ్రెంచి మొదలుపెట్టాను. సప్తగిరి గారిని ఒక సందేహం అడుగుతాను. చదివినదాన్ని తెలుగులోనే రాసుకోమని ఎందుకంటున్నారు? ఇంగ్లీషుకూ ఫ్రెంచికీ వాక్యం దగ్గరగా ఉంటుంది, మన పుస్తకాలు, నిఘంటువులు అన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయి. పైగా తెలుగులో రాయబోతే ఫ్రెంచి చెప్పని సంగతులు కూడా మనం చెప్పవలసి వస్తోంది. సోర్ అని ఉంటే అక్క అనాలా, చెల్లెలు అనాలా? ఓఁక్ల్ అంటే పెదనాన్నా, చిన్నాన్నా, మామా? ఇది అనవసరమైన బరువు కాదా?

సప్తగిరి సర్కిల్ (అనంతపురం):

చాలా మంచి సందేహం. మీరు చెప్పిన దగ్గరితనమే నా అభ్యంతరం. ఇంగ్లీషులోకి మార్చేటప్పుడు తెలియని మాటను తెలియకుండానే దాటించవచ్చు. అక్కడున్న మాటకు పోలికగా ఉన్న మాటను ఇక్కడ పెట్టేస్తే వాక్యం పూర్తవుతుంది, అర్థమైందన్న భావన కలుగుతుంది. తెలుగులో ఆ వెసులుబాటు లేదు. వాక్యం చివర క్రియ పెట్టాలి, ఆ క్రియలో ఎవరు, ఎప్పుడు, అవునా కాదా అన్నీ చెప్పాలి. అర్థం కానిదాన్ని తెలుగులో రాయబోతే కలం అక్కడే ఆగుతుంది. మనకు కావలసింది ఆ ఆగే చోటు ఎక్కడో తెలియడమే.

ఒక చిన్న ఉదాహరణ ఇస్తాను. తరగతిలో నేను తరచుగా ఇచ్చే రెండు వాక్యాలు ఇవి. పోల్ తన సోర్‌కు ఉత్తరం రాశాడు అన్నది మొదటిది, అది అందరికీ అర్థమవుతుంది. రెండోది: "ఇల్ లుయి ఆ దెమాఁదే ద్ లర్జాఁ, మే ఎల్ నాఁ ఆ ప్ల్యూ." ఇంగ్లీషు మీదుగా వెళ్లినవారు దాదాపు అందరూ, అతను అతనిని డబ్బు డిమాండు చేశాడు, కానీ ఆమె దగ్గర ఇంకా ఎక్కువ ఉంది, అని తాత్పర్యం చెబుతారు. అసలు అర్థం, పోల్ ఆమెను డబ్బు అడిగాడు, కానీ ఆమె దగ్గర ఇంక లేదు, అని. ఇందులో మూడు ముడులు ఉన్నాయి. దెమాఁదే మామూలుగా అడగడమే, దబాయింపు లేదు. లుయి అన్నది అతనికి అని కావచ్చు, ఆమెకు అని కావచ్చు. ముందు వాక్యం చూస్తేగాని తేలదు. ప్ల్యూ అన్న మాట ఒంటరిగా ఉంటే ఎక్కువ అని అర్థం, వ్యతిరేకంతో కలిస్తే ఇంక లేదు అని. తెలుగులో రాసేటప్పుడు అతనినా ఆమెనా, ఉందా లేదా అని తేల్చుకోక తప్పదు గనుక విద్యార్థి తిరిగి మొదటి వాక్యానికి వెళ్లి చూస్తాడు. ఆ వెనక్కి వెళ్లి చూడటమే ఎ2 చదువు.

ఇక అక్కా చెల్లెలా అన్నది. పాఠంలో వయసు సూచన ఏదైనా ఉందేమో వెతకండి, లేకపోతే అక్కో చెల్లెలో అని రాసి ముందుకు సాగండి. పాఠం ఏమి చెప్పలేదో తెలిసి రాసినట్లే కదా, దానికి మార్కు తగ్గదు. తెలుగు మనకు కలిసివచ్చే చోట్లు కూడా ఉన్నాయి. ఫ్రెంచిలో తు, వూ అని రెండు పిలుపులు ఉన్నాయి, మనకు నువ్వు, మీరు ఉన్నట్లే. ఎ1 పత్రంలోని ఉత్తరం స్నేహితుడు రాసిందా, కార్యాలయం నుంచి వచ్చిందా అన్నది ఆ ఒక్క మాటతో తెలుగు పాఠకుడికి వెంటనే తడుతుంది. పదిహేను రోజులు అని వాళ్లు రెండు వారాలకు అంటారు. పక్షం అలవాటున్న మనకు అది వింతగా తోచదు.

రాజ్‌విహార్ (కర్నూలు):

సప్తగిరి గారికి, ధర్మవరం గారికి కృతజ్ఞతలు. మీరు చెప్పిన పద్ధతిలోనే రెండు నమూనా పత్రాలూ ఆదివారం నాడు రాశాను. ఫలితం ఉన్నదున్నట్లుగా పెడుతున్నాను.

ఎ1 పత్రం గడువుకు ముందే పూర్తయింది. ఆహ్వానం, తరగతుల వేళల పట్టిక, అద్దె ఇంటి ప్రకటన, అన్నింటినీ తెలుగులో ఎక్కడా ఆగకుండా రాయగలిగాను. వేళలు 14 గంటలు, 20 గంటలు అని రాసినా ఇబ్బంది కలగలేదు. ధరల్లో చుక్కకు బదులు కామా పెట్టడం కూడా పుస్తకంలో చూసి ఉన్నాను. ఎ2 పత్రంలో మాత్రం రెండు రకాలుగా జరిగింది. ప్రకటనలలో ఎవరికి ఏది సరిపోతుందో జతపరిచే భాగం బాగానే వచ్చింది. ఉత్తరం, చిన్న పత్రికా వ్యాసం దగ్గర జవాబులు సగానికి పైగా సరిపోయాయి గాని, తెలుగులో రాసుకున్నదాన్ని తర్వాత నిఘంటువుతో సరిచూస్తే, ఎప్పుడు జరిగింది అన్న విషయంలో ఎక్కువ తేడాలు కనిపించాయి. అలవాటుగా జరుగుతూ ఉండిన పనులను ఒకసారి జరిగిన పనులుగా రాశాను. నాకు తెలియని మాటలు తక్కువే. దీన్ని ఎ2 అనాలా, ఎ1 అనాలా?

సప్తగిరి సర్కిల్ (అనంతపురం):

ఎ1 పూర్తయింది, ఎ2 దారిలో ఉన్నారు. ఇందులో సందేహానికి చోటు లేదు, మీ వివరణే అంత స్పష్టంగా ఉంది. సమాచారం వెతికిపట్టుకునే చదువు మీకు ఎ2లో ఉంది. వరుసగా సాగే కథనాన్ని అనుసరించే చదువు ఇంకా అక్కడికి చేరలేదు. ఇప్పుడు మాటల జాబితాలు పెంచుకుంటూ పోవడం వల్ల మీకు పెద్దగా ఫలితం ఉండదు.

ఫ్రెంచిలో గతాన్ని చెప్పే రెండు రూపాలు ఎ2 స్థాయికి మూలస్తంభాలు. ఒక పని జరిగి ముగిసిందని చెప్పేది పాసే కోఁపోజే. అప్పట్లో పరిస్థితి అలా ఉండేదని, ఆ పని చేస్తూ ఉండేవారని చెప్పేది ఆఁపర్ఫే. మనకు వెళ్లాడు, వెళ్లేవాడు అన్న తేడా పుట్టుకతో వచ్చింది. ఇంగ్లీషులో రెంటికీ ఒకే గతకాల రూపం సరిపోయే సందర్భాలు చాలా ఉన్నందున, అటునుంచి చదివేవారు ఈ తేడాను దాటివేస్తారు. రోజూ ఒక చిన్న పాఠం తీసుకుని, అందులోని క్రియల కింద మాత్రమే గీత గీసి, పక్కన తెలుగు క్రియను వెళ్లాడు, వెళ్లేవాడు వలె పూర్తి రూపంలో రాయండి. మిగతా వాక్యాన్ని రాయనవసరం లేదు. క్రియలు సరిపడితే కథనం దానంతట అదే నిలుస్తుంది. ఇది కొన్నాళ్లు చేశాక మునుపు చూడని మరో ఎ2 పత్రం తీసుకోండి. చూసిన పత్రాన్నే మళ్లీ రాస్తే జ్ఞాపకం సాయం పడుతుంది కనుక అది కొలతకు పనికిరాదు.

చిత్రావతి (పుట్టపర్తి):

నేను పుట్టపర్తిలో ఒక అతిథిగృహంలో పనిచేస్తున్నాను. ఫ్రాన్సు నుంచి, బెల్జియం నుంచి వచ్చే భక్తులతో మాట్లాడటానికి మొదలుపెట్టిన ఫ్రెంచి, తర్వాత చదవడంలోకి దారితీసింది. పుస్తకం ఎంచుకోవడం గురించి రాజ్‌విహార్ గారు అడిగినదానికి ఇంకా ఎవరూ సమాధానం ఇవ్వలేదు కాబట్టి రాస్తున్నాను.

పుస్తకంలో మధ్యలో ఏదో ఒక పేజీ తెరిచి, వరుసగా నూరు మాటలు లెక్కపెట్టి, వాటిలో బొత్తిగా తెలియనివి ఎన్నో చూడాలి. ఇంగ్లీషు చదివే విదేశీ విద్యార్థుల మీద హూ, నేషన్ అనే ఇద్దరు పరిశోధకులు 2000లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, నిఘంటువు సాయం లేకుండా కథను చక్కగా గ్రహించాలంటే నూటికి 98 మాటలు తెలిసి ఉండాలి. అంటే నూటికి రెండు తెలియకపోయినా హాయిగా చదువుకోవచ్చు. నాలుగైదు తెలియకపోతే పక్కన నిఘంటువు పెట్టుకుని, పాఠంలా చదవాలి. పది దాటితే ఆ పుస్తకాన్ని కొన్నాళ్లు పక్కన పెట్టడమే మేలు. ఈ లెక్కలో ధర్మవరం గారు చెప్పిన జాగ్రత్త కూడా కలపండి: ఇంగ్లీషు పోలిక వల్ల తెలిసినట్లు అనిపించే మాటను తెలిసినదాని కింద లెక్కించకండి, దాని పక్కన ప్రశ్నార్థకం పెట్టుకోండి.

పిల్లల పుస్తకాలతో మొదలుపెట్టమని చాలామంది సలహా ఇస్తారు. నేను దానితో ఏకీభవించను. ఫ్రెంచిలో పిల్లల కథలు తరచుగా పాసే సాఁప్ల్ అనే గతరూపంలో ఉంటాయి. అది రాతలోనే కనిపిస్తుంది, మాటల్లో దాదాపుగా వాడరు, ఎ1, ఎ2 పాఠాల్లో నేర్పరు. అక్కడి పిల్లలు అమ్మ ఒడిలో ఆ రూపాలు వింటూ పెరుగుతారు. పెద్దవాళ్లయ్యాక నేర్చుకునే మనకు అవి అడ్డుగోడలు. జంతువుల పేర్లు, చప్పుళ్ల మాటలు సరేసరి. నేర్చుకునేవారి కోసమే రాసి, అట్ట మీద స్థాయి ముద్రించిన చిన్న కథల పుస్తకాలు ఉంటాయి, అవి నయం. డబ్బు ఖర్చు లేకుండా కావాలంటే, టీవీ5 మోఁద్ సంస్థ నేర్చుకునేవారికోసం నడిపే వెబ్‌సైటులో ఎ1 నుంచి బి2 వరకు స్థాయుల వారీగా అభ్యాసాలు ఉన్నాయి. ఆర్.ఎఫ్.ఐ. రేడియో సులభమైన ఫ్రెంచిలో ప్రసారం చేసే పది నిమిషాల వార్తల పాఠం రాతలో కూడా దొరుకుతుంది. అయితే అది ఎ2 గట్టిపడ్డాక చదవవలసింది. మొదట్లోనే పట్టుకుంటే నిరుత్సాహం కలుగుతుంది.

ధర్మవరం నుంచి (ప్రస్తుతం బెంగళూరు):

చిత్రావతి గారి పద్ధతి పుస్తకం ఎంచుకోవడానికి చాలా బాగుంది. స్థాయి తేల్చడానికి మాత్రం అదొక్కటే చాలదని నా అభిప్రాయం. అంగడి తలుపు మీది వాక్యంలో తెలియని మాట ఒక్కటీ లేదు. నూటికి నూరు తెలిసినా అర్థం తప్పింది. మాటల లెక్క పుస్తకం బరువు చెబుతుంది, తెలుగులో రాసుకున్న సారాంశం మన బలం చెబుతుంది. రెండూ వేరు వేరు పనులు.

చిత్రావతి (పుట్టపర్తి):

నిజమే, అంగీకరిస్తున్నాను. ఒకటి మాత్రం చేరుస్తాను. అంతర్జాలంలో మీకు ఏ మాటలు తెలుసు అని అడిగే పరీక్షలు కూడా ఉంటాయి. లాంకాస్టర్ విశ్వవిద్యాలయం నిర్వహించిన డయలాంగ్ పరీక్షలో నిజమైన మాటల మధ్య కల్పిత మాటలు కలిపి, ఇది భాషలో ఉందా లేదా అని అడుగుతారు. లేని మాటను ఉందని అంటే అంచనా తగ్గుతుంది. పోలికతో ఊహించే అలవాటును అదుపులో పెట్టే ఉపాయం అది. అయినా అది పదసంపదకు మాత్రమే, వాక్యానికి కాదు.

పెన్నేటిగట్టు (కడప):

మా అమ్మాయికి ఎ1 నమూనా పత్రం ఇచ్చి, సప్తగిరి గారు చెప్పినట్లే తెలుగులో అడిగాను. ఎవరు, ఎక్కడ, ఎన్ని గంటలకు అన్నవి టకటకా చెప్పింది. ఎందుకు రాలేనన్నారు అన్న దగ్గర తడుముకుంది. ఇప్పుడు తనే ఇంకో పత్రం కావాలని అడుగుతోంది. ధన్యవాదాలు.

కె.సి. కెనాల్ (కర్నూలు):

కెనడా వలస కోసం ఫ్రెంచి నేర్చుకుంటున్నవారు మన జిల్లాల్లో కూడా పెరిగారు కాబట్టి, వారికోసం ఒక మాట. వారిలో కొందరు మొదటి నుంచే టి.సి.ఎఫ్. కెనడా నమూనా పరీక్షలతో తమ స్థాయిని కొలుచుకుంటున్నారు. ఆ పరీక్ష చదువు భాగంలో 39 ప్రశ్నలకు గంట సమయం ఉంటుంది. తేలిక ప్రశ్నలతో మొదలై క్రమంగా కఠినమవుతూ ఒకే పత్రంలో అన్ని స్థాయులూ వస్తాయి. ఆరంభంలో ఉన్నవారు దాన్ని రాస్తే చివరి సగం చీకట్లో రాయి వేసినట్లే ఉంటుంది. వచ్చిన మొత్తం మార్కుల్లో ఊహ ఎంతో, తెలివి ఎంతో తేల్చలేం. తప్పనిసరిగా దాన్నే వాడాలనుకుంటే, మార్కులు కూడవద్దు. వరుసగా ఎన్నో ప్రశ్న దగ్గర తెలుగులో సారాంశం చెప్పలేకపోయారో అక్కడ గుర్తు పెట్టుకోండి. ఇంకొకటి, టి.సి.ఎఫ్. ఫలితం రెండేళ్లే చెల్లుతుంది, డెల్ఫ్ పట్టాకు గడువు లేదు. స్థాయి తెలుసుకోవడానికని టి.సి.ఎఫ్.కు ముందే రుసుము కట్టడం వృథా.

రాజ్‌విహార్ (కర్నూలు):

అందరి సమాధానాలూ శ్రద్ధగా చదివాను. క్రియల కింద గీతలు గీసే అభ్యాసం మొదలుపెట్టాను, ఫలితం కనిపిస్తోంది. చివరిగా ఒక్క ప్రశ్న. చదవడంలో ఎ2కు దగ్గరగా ఉన్నాను కాబట్టి నేరుగా ఎ2 పరీక్షకే కట్టవచ్చా, లేక ఎ1 పట్టా ముందు ఉండాలా?

సప్తగిరి సర్కిల్ (అనంతపురం):

ఎ1 పట్టా ఉండాలన్న నిబంధన లేదు, ఏ స్థాయికైనా నేరుగా కట్టవచ్చు. కానీ నిర్ణయం చదువు ఒక్కదాని మీద తీసుకోకండి. డెల్ఫ్‌లో నాలుగు భాగాలకు 25 చొప్పున మొత్తం 100 మార్కులు. 50 వస్తే ఉత్తీర్ణులు, అయితే ప్రతి భాగంలోనూ కనీసం 5 రావాలి. చదువులో ఎంత వచ్చినా వినడంలో 5 రాకపోతే పట్టా రాదు. ఎ2 నమూనా పత్రంతో పాటు శ్రవణ భాగం ధ్వని ఫైలు కూడా అదే వెబ్‌సైటులో ఉంది. అది విని, ఇదే విధంగా తెలుగులో రాసి ఇక్కడ పెట్టండి. దాన్ని చూశాక ఎ1కా, ఎ2కా అన్నది చెబుతాను.